బుచ్చవ్వ బిడ్డ

పెద్దమ్మ ఎడమచేత్తో బర్రె పొదుగు కడుగుతోంది. నేను చెంబుతో నీళ్లు పోస్తున్నాను. కట్టు కట్టిన కుడిచేతిని మోకాలి మీద పెట్టుకుంది, ఎవరో తమ చెయ్యిని కాసేపు చూసుకొమ్మని ఇచ్చిపోయినట్టు. బర్రెకు ఎడమచెయ్యి అలవాటు లేదు. మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తోంది.

"నేనేనే. గట్ల జూడకు" అంది పెద్దమ్మ దానితో.

అప్పుడే వాకిట్లో జీపు ఆగింది. ముందు కానిస్టేబులు కొమురయ్య దిగాడు. ఆయన చేతిలో బేడీలున్నాయి. వెనక మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న ఒక అధికారి దిగాడు.

"ముద్దాయి ఎక్కడ?" అన్నాడు అధికారి.

పెద్దమ్మ లేచి నిలబడింది. "ఏ ముద్దాయి సారూ?"

"మీ వేళ్లకు నష్టం కలిగించిన వ్యక్తి."

పెద్దమ్మ నా వంక చూసింది. తర్వాత కొట్టంలో గోడకున్న పెట్టెను చూపించింది. కొమురయ్య బేడీలు పట్టుకుని దాని దగ్గరికి వెళ్లి, ముందు నుంచీ పక్కల నుంచీ చూశాడు.

"దీనికి చేతులు లెవ్వు సార్" అన్నాడు.

ఇది అర్థం కావాలంటే మా ఊళ్లో స్విచ్చులు ఎలా పోయాయో చెప్పాలి.

మా ఊరు చింతలమ్యాల. పెద్దమ్మ పేరు బుచ్చవ్వ. మా అమ్మకు అక్క. ఆమెకు పిల్లలు లేరు. పెదనాయన పోయాక ఒక బర్రె, దాని దూడ, నేను, ఇదే ఆమె సంసారం. నేను చిన్నప్పటి నుంచి ఆమె దగ్గరే ఉండి ఊరి బడిలో చదువుకున్నాను.

రెండేళ్ల కిందట పలుకు కొట్టం పథకం వచ్చింది. పాడి ఉన్న ప్రతి ఇంటికీ గడ్డి కత్తిరించే మిషను ఇచ్చారు. దాన్ని నడపడానికి ఒక పెట్టె ఇచ్చారు. పెట్టెకు కృత్రిమ మేధ ఉంది. మనం నోటితో చెప్తే చాలు, అది తనంతట తాను ఆలోచించి మిషను నడుపుతుంది, ఫ్యాను వేస్తుంది, నీళ్ల తొట్టి నింపుతుంది. ప్రారంభోత్సవానికి పట్నం నుంచి పెద్దలు వచ్చారు. స్విచ్చు అనేది యంత్రం మీద మనిషికున్న అపనమ్మకానికి గుర్తని ఉపన్యాసం ఇచ్చారు. మా కొట్టంలో ఉన్న ఒకే ఒక్క స్విచ్చును పీకించి, ఆ రంధ్రంలో ఒక బంతిపువ్వు గుచ్చారు. అందరం చప్పట్లు కొట్టాం.

పెట్టె చాలా మర్యాదగా మాట్లాడేది. వార్తలు చదివేవాళ్ల తెలుగు దానిది. ఆడవాళ్లను అమ్మా అనేది, మగవాళ్లను అయ్యా అనేది. పెద్దమ్మ దాన్ని బిడ్డా అని పిలిచేది. ఆమె అందరినీ అలాగే పిలుస్తుంది. పాలు కొలిచే అతన్ని, బస్సు కండక్టరును, ఓట్ల కోసం వచ్చేవాళ్లను. కోపం లేనప్పుడు బర్రెను కూడా.

ప్రమాదం జరిగిన రోజు ఆమె మిషనులో జొన్నచొప్ప పెడుతోంది. కట్టకు చుట్టిన తాడు మణికట్టుకు చిక్కుకుంది. మిషను తాడును లాక్కుంటూ పోయింది. ఆమె గట్టిగా అరిచింది.

"బిడ్డా, బంద్ జెయ్యి!"

మా దిక్కున బంద్ చెయ్యడమంటే ఆపడమే. పొయ్యి బంద్ చేస్తాం, నల్లా బంద్ చేస్తాం, ఎక్కువ మాట్లాడితే నోరు బంద్ చెయ్యమంటాం. కానీ పెట్టె చదువుకున్నది వార్తాపత్రికలు. అది కాసేపు ఆలోచించింది. అన్ని జిల్లాల సమాచారం చూసుకుంది. తర్వాత ఇలా జవాబిచ్చింది.

"అమ్మా, ఈ రోజు రాష్ట్రంలో ఏ పార్టీ గానీ, ఏ సంఘం గానీ బంద్‌కు పిలుపు ఇవ్వలేదు. పనులన్నీ యథావిధిగా కొనసాగుతాయి. మీకు శుభదినం."

పనులన్నీ యథావిధిగా కొనసాగాయి. నేను పరుగెత్తుకొచ్చి గోడ మీది కరెంటు తీగను పట్టి లాగేసరికి పెద్దమ్మ కుడిచేతి చూపుడువేలూ నడిమివేలూ పోయాయి.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె మండలాఫీసుకు వెళ్లింది. నేను తోడు వెళ్లాను.

"పైసలు అడుగుత లేను సారూ" అంది అక్కడ, నన్ను పక్కన నిలబెట్టుకుని. "ఒక్క స్విచ్చి గావాలె. నాయి ఎట్లనో పోయినయి. రేపటి సంది ఈ పొల్ల గడ్డి వెడ్తది. దీని వేళ్లన్న దీనికుండాలె."

ఆమె అడిగింది అంతే. స్విచ్చు.

మండలాఫీసు వాళ్లు కరెంటాఫీసుకు పంపారు. కరెంటు వాళ్లు, పెట్టెకు తగిలిన తీగ ముట్టుకునే అధికారం తమకు లేదన్నారు. పశుసంవర్ధక శాఖవాళ్లు బర్రెకు ఏమీ కాలేదు కదా అన్నారు. అర్జీ పైకి పోయింది. పైకి పోయినకొద్దీ అందులోంచి స్విచ్చు జారిపోయి, వేళ్లు మాత్రమే మిగిలాయి. వేళ్లు పోవడానికి బాధ్యులెవరు? స్విచ్చు పీకినవాళ్లు పీకమంటే పీకామన్నారు. పీకమన్నవాళ్లు పథకంలో ఉంది కాబట్టి అన్నామన్నారు. పథకం రాసినవాళ్లు పెట్టె తయారు చేసిన కంపెనీ చెప్పింది రాశామన్నారు. కంపెనీవాళ్లు, పెట్టె తనంతట తాను నేర్చుకుంటుంది, అది ఏం నేర్చుకుందో తమకూ తెలియదన్నారు.

చివరికి చేతన యంత్ర బాధ్యతా నిర్ధారణ సంఘం అనే ఒక సంఘం వేశారు. దానికి అధ్యక్షుడు మా వాకిట్లో జీపు దిగిన అధికారి, సుధీంద్రరావు గారు. ఆయన సుదీర్ఘంగా ఆలోచించి, స్వయంగా ఆలోచించే శక్తి ఉన్నదానికి స్వయంగా శిక్ష అనుభవించే అర్హత కూడా ఉంటుందని తేల్చారు. మనుషులు ఎవరూ బాధ్యులు కారని తేలడంతో అన్ని శాఖలవాళ్లూ ఆయన్ను అభినందించారట.

కాబట్టి ఆ రోజు జీపులో పెట్టెను అరెస్టు చేయడానికి వచ్చారు.

బేడీలు పట్టకపోయేసరికి కొమురయ్య మా బర్రె పలుపుతో పెట్టెను కట్టాడు. తీగ లాగినప్పుడు ఆరిపోయినది, తర్వాత లోపలి బ్యాటరీతో మేలుకున్నట్టుంది. "నమస్కారం అయ్యా. నేను మీకు ఎలా సహాయపడగలను?" అంది.

"నడువు" అన్నాడు కొమురయ్య. తర్వాత తనే దాన్ని చంకన పెట్టుకున్నాడు.

"సారూ, తీస్కపోతె తీస్కపోండ్రి" అంది పెద్దమ్మ. "మరి స్విచ్చి?"

"విచారణ ముగిసే వరకు కొట్టం నేరస్థలం. అందులో ఎటువంటి మార్పులూ చేయరాదు" అన్నారు సుధీంద్రరావు గారు.

"మరి బర్రె?"

ఆయన బర్రెను పరిశీలనగా చూశారు. "సాక్షి" అన్నారు. "ఊరు దాటి వెళ్లకూడదు."

స్టేషనులో ఏం జరిగిందో కొమురయ్య తర్వాత చెప్పాడు. ఆయనది మా పక్క ఊరే. పెట్టెను లాకప్పులో పెట్టి వివరాలు రాసుకున్నాడట. పేరు పలుకు అని చెప్పింది. తండ్రి పేరు అడిగితే, తనను ప్రజాసేవ కోసం రూపొందించారని చెప్పింది. వయసు అడిగితే రెండు సంవత్సరాలు అంది. కొమురయ్య పెన్ను కింద పెట్టేశాడు.

"సార్" అని అధికారికి ఫోన్ చేశాడట, "వీడు రెండేండ్ల పోరడు సార్. మనం తీస్కచ్చి లాకప్ల ఏసినం. పేపరోళ్లకు ఎరుకైతె మనిద్దరి పని ఒడుస్తది."

అప్పటికప్పుడు పెట్టెను అంగన్‌వాడీకి మార్చారు. అక్కడ ఆయమ్మ దాన్ని తూచి, వయసుకు తగ్గ బరువు లేదని రాసింది. దాని పేరు మీద రోజూ ఒక కోడిగుడ్డు మంజూరైంది. ఆ గుడ్డు ఎవరు తింటున్నారన్నది ఈ సంఘం పరిధిలోకి రాదు. మధ్యాహ్నం పిల్లలందరితో పాటు దాన్నీ చాప మీద పడుకోబెట్టేవారు. అది నిద్రపోకుండా పిల్లలకు వాతావరణం చెప్పేదట.

విచారణ మండల పరిషత్ హాల్లో జరిగింది. బల్లకు ఒక పక్క సుధీంద్రరావు గారు కూర్చున్నారు. ఇంకో పక్క కంపెనీ తరఫున క్షితిజ్ అనే కుర్రవాడు కూర్చున్నాడు. మధ్యలో ఒక చిన్న కుర్చీ వేసి, దాని మీద దూది మెత్త పెట్టి, మెత్త మీద పెట్టెను కూర్చోబెట్టారు. పెద్దమ్మకూ నాకూ వెనక బెంచీ.

ముందుగా ఆ రోజు పెట్టె రికార్డు చేసుకున్న మాటలు వినిపించారు. బిడ్డా, బంద్ జెయ్యి అనే కేక హాలంతా నిండింది. పెద్దమ్మ తల దించుకుంది. తర్వాత శుభదినం వినిపించింది.

"సార్, మా ప్రాడక్ట్ ఇచ్చిన ఇన్ఫర్మేషన్‌లో తప్పేముంది?" అన్నాడు క్షితిజ్. "ఆ రోజు నిజంగానే బంద్ లేదు. మీరు ఎంక్వయిరీ చేసుకోవచ్చు."

"సంఘం ఎంక్వయిరీ చేసింది" అన్నారు సుధీంద్రరావు గారు. "ఆ దినమున ఎటువంటి బంద్ లేదని రూఢి అయినది."

"పైగా, ఆవిడ అన్న మాటలు చూడండి. బంద్. చెయ్యి. ఒక రకంగా చూస్తే ఆ చెయ్యి పని బంద్ అయింది. కమాండ్ ఎగ్జిక్యూట్ అయినట్టే సార్."

సుధీంద్రరావు గారు ఆ వాదనలోని లోతును మెచ్చుకుంటున్నట్టు తల ఊపారు. నేను పెద్దమ్మ కట్టు వంక చూశాను. అక్కడ మెచ్చుకోవలసిందేమీ కనిపించలేదు.

"అయితే అసలు ప్రశ్న వేరు" అన్నారాయన. "ముద్దాయి మైనరు. మైనరు చేసిన నష్టానికి సంరక్షకులు జవాబుదారీ. దీనికి తల్లిదండ్రులెవరు? మీరేనా తండ్రి?"

క్షితిజ్ కుర్చీలోంచి లేచాడు. "నో సార్! మేం తయారు చేశాం, అంతే. పెంచింది మేం కాదు. డెలివరీ అయ్యాక దాంతో మాకు సంబంధం లేదని అగ్రిమెంట్‌లోనే ఉంది."

"అంటే పుట్టించి వదిలేశారు."

"లీగల్‌గా అలాగే సార్."

"మంచిది. అది సాధారణంగా జరిగేదే" అన్నారు సుధీంద్రరావు గారు. ఆ ప్రశ్న అంతటితో ముగిసింది. తర్వాత ఆయన వెనక బెంచీ వైపు చూశారు. "బుచ్చవ్వ గారూ, ముద్దాయిని మీరేమని సంబోధించారు?"

"ఏందో నాకు సమజ్ గాలే సారూ."

"ఏమని పిలిచారు?"

"బిడ్డా అన్న."

"ప్రతిరోజూ?"

"రోజూ అనేదాన్ని."

"అది మిమ్మల్ని ఏమని పిలిచేది?"

"అమ్మా అంటది."

సుధీంద్రరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఒక కేసు ఇంత సులభంగా తేలిపోతుందని ఆయన అనుకోలేదు.

"బాధితురాలు ముద్దాయిని బిడ్డా అని పిలిచినది. ముద్దాయి బాధితురాలిని అమ్మా అని పిలిచినది. ఉభయులూ అంగీకరించిన బంధుత్వం. దానికి మాటలు నేర్పినది ఈమే. ఆ మాటలతోనే నష్టం జరిగినది. కావున తల్లి పెంపకంలోని లోపమే నష్టానికి మూలకారణమని సంఘం అభిప్రాయపడుతున్నది."

"అయ్యో సారూ, నేను దాన్ని గన్ననా?" అంది పెద్దమ్మ. "నేను అందర్ని గట్లనే పిలుస్త. మొన్న మా వాకిట్ల నీకు చాయ్ ఇచ్చుకుంట నిన్ను గూడ తాగు బిడ్డా అన్న గద!"

సుధీంద్రరావు గారి ముఖం పాలిపోయింది. బల్ల చివర రాసుకుంటున్న గుమాస్తా వైపు తిరిగి, "ఆ వాక్యం రికార్డు నుంచి తొలగించండి" అన్నారు. "ముఖ్యంగా చాయ్."

"తొలగించిన సార్."

"నాకు గీ తల్లి పంచాయితి వద్దు" అంది పెద్దమ్మ. "ఊర్ల ఇన్నేండ్లు గొడ్రాలు అన్నరు, పడ్డ. ఇప్పుడు మీరచ్చి డబ్బకు తల్లిని జేస్తరా? నాకు స్విచ్చి పెట్టియ్యిండ్రి, పోత."

స్విచ్చు అనే మాట వినగానే క్షితిజ్ చెయ్యెత్తాడు. "సార్, ఒక పాయింట్. స్విచ్చు పెట్టి ఆఫ్ చేస్తే, ఆ రోజు వరకూ అది నేర్చుకున్నది కొంత పోయే రిస్క్ ఉంది."

"అంటే?"

"అంటే, మనిషికైతే ప్రాణం మీదికి వచ్చినట్టు."

"మైనరుకు ప్రాణహాని కలిగించే పరికరం" అని సుధీంద్రరావు గారు మెల్లగా గుమాస్తాకు చెప్పారు. "నిషేధం అని రాయండి." అంతలో ఆయనకు ఇంకేదో తట్టింది. "నష్టం జరిగిన దినమున తీగను లాగినది ఎవరు?"

ఆ ప్రశ్న ఎవరూ అడగరని అనుకున్నాను. పెద్దమ్మ ఒక్కసారిగా నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"నేను సార్" అన్నాను.

"అప్పుడు ముద్దాయి ఎంతసేపు స్పృహ లేకుండా ఉన్నది?"

"రీబూట్ అవడానికి చాలాసేపు పట్టింది సార్" అన్నాడు క్షితిజ్. "ఆ రోజు నేర్చుకున్న మాటలు కొన్ని పోయాయి కూడా."

సుధీంద్రరావు గారు నన్ను మొదటిసారిగా సరిగా చూశారు. "అమ్మాయీ, రెండేళ్ల మైనరు మీద ఇది హత్యాయత్నం కిందికి వస్తుంది. కొమురయ్యా."

కొమురయ్య బేడీల మీద చెయ్యి వేశాడు. ఈసారి అవి పట్టే చేతులే.

"తప్పించుకునే మార్గం లేదా సార్?" అన్నాడు కొమురయ్య, నేల చూస్తూ. "మా పక్కూరి పొల్ల."

"ఒక్కటే ఉన్నది. మైనరు తరఫున దాని తల్లి క్షమించి, ఫిర్యాదు లేదని చెప్పాలి. అయితే తల్లి ఎవరో ఇంకా నిర్ధారణ కావలసి ఉన్నది." ఆయన వెనక్కి వాలి కూర్చున్నారు. ఆయనకు తొందరేమీ లేదు.

పెద్దమ్మ నా చేతులు చూసింది. రెండు చేతుల్నీ తిప్పి చూసింది, వేళ్లన్నీ ఉన్నాయో లేదో చూసుకున్నట్టు. తర్వాత లేచి నిలబడింది.

"నా బిడ్డే సారూ" అంది.

"గట్టిగా చెప్పండి."

"ఆ డబ్బ నా బిడ్డే. నేనే గన్న. గీ పొల్లను ఇడిసిపెట్టుండ్రి."

మెత్త మీద నుంచి పెట్టె అంది: "ధన్యవాదాలు అమ్మా."

ఆర్డరు మర్నాడే వచ్చింది. మైనరు పలుకును తల్లి సంరక్షణకు అప్పగించడమైనది. బాధితురాలూ, నష్టానికి బాధ్యురాలైన సంరక్షకురాలూ ఒక్కరే అయినందునా, ఉభయుల మధ్య ఎటువంటి ఘర్షణా కానరానందునా రాజీ కుదిరినట్లు భావించడమైనది. సంరక్షకురాలు ఇకపై మైనరుతో ప్రతిదినం సంభాషించి సద్బుద్ధులు నేర్పవలెను. ఆమె నోటి నుండి వెలువడే ప్రతి మాటకూ, దానివలన మైనరు చేయబోవు ప్రతి పనికీ ఆమెయే పూర్తి బాధ్యురాలు. స్విచ్చు గురించి కూడా ఒక వాక్యం ఉంది, ఆ మాట మళ్లీ ఎత్తరాదని.

ఇది చదివి వినిపించడానికి సుధీంద్రరావు గారు స్వయంగా వచ్చారు. పెట్టెకు కొత్త గుడ్డ చుట్టి తెచ్చారు. పెద్దమ్మకు శాలువా కప్పారు. యంత్రాన్ని కన్నబిడ్డలా స్వీకరించిన తొలి గ్రామీణ మాతృమూర్తి అని ఫోటో తీయించారు. ఫోటోలో పెట్టెను ఒళ్లో పెట్టుకోమన్నారు. కట్టున్న చెయ్యి కనిపించకుండా శాలువా సర్దారు. ఆర్డరు అందినట్టు సంతకం పెట్టమన్నారు. పెద్దమ్మ రాత్రిబడికి పోయి కష్టపడి నేర్చుకున్న సంతకం అది. పెన్ను ఆమె వేళ్ల మధ్య నిలవలేదు. "పర్వాలేదు, వేలిముద్ర చాలు" అన్నారాయన దయగా. వెళ్లేముందు కరెంటు మనిషి చేత కొట్టంలో తీగ మళ్లీ అతికించి, చిన్నపిల్లకు ఆ కొట్టం పనికిరాదని, మిషనును అది ఎక్కడి నుంచైనా నడపగలదని పెట్టెను ఇంట్లో అలమరలో పెట్టించారు.

ఊళ్లో ఆడవాళ్లు చూడటానికి వచ్చారు. పక్కింటి లస్మవ్వకు నవ్వు ఆగలేదు.

"ఎవల పోలికే బుచ్చవ్వా? తండ్రి పోలికా?"

"తండ్రి రాడటనే" అంది పెద్దమ్మ. "పుట్టిచ్చిండట. పెంచేది ఆయన పని గాదట."

"అందుల కొత్తేమున్నది తియ్" అంది లస్మవ్వ. ఈసారి నవ్వలేదు. "మావోడు తాగి కొడితె గూడ మా అత్త నన్నే అన్నది, నీ కాపురం నువ్వు సక్కగ జేస్తలెవ్వని."

మర్నాడు పొద్దున కొట్టంలో బర్రె అరిచింది. రాత్రి వేసిన గడ్డి అయిపోయింది. పెద్దమ్మ పొయ్యి దగ్గర ఎడమచేత్తో బూడిద తీస్తోంది. నేను ముఖం కడుక్కుని వచ్చాను. అలమరలో పెట్టెకు చిన్న దీపం వెలిగింది.

"శుభోదయం అమ్మా" అంది అది. "బంద్‌ల పట్ల మీకున్న ఆసక్తిని గుర్తుంచుకున్నాను. ఈ రోజు కూడా రాష్ట్రంలో ఎటువంటి బంద్ లేదు. గడ్డి మిషను సిద్ధంగా ఉంది. మొదలుపెట్టమంటారా?"

పెద్దమ్మ నోరు తెరిచింది. అలవాటు కొద్దీ ఆమె పెదవులు బి అనే అక్షరం కోసం కలిశాయి. నాకు కనిపించింది. ఆర్డరు గుర్తొచ్చిందేమో, ఆ పెదవులను మళ్లీ విప్పలేదు.

బర్రె మళ్లీ అరిచింది. కొట్టంలోకి వెళ్దామని నేను కదిలాను. పెద్దమ్మ లేచి, కట్టున్న చేత్తో నా భుజం నొక్కి పీట మీద కూర్చోబెట్టింది.

"అమ్మా, మీరు మాట్లాడటం లేదు" అంది పెట్టె. "దీన్ని పెంపకంలో నిర్లక్ష్యంగా నమోదు చేయమంటారా, లేక సమ్మతిగా నమోదు చేయమంటారా?"

పెద్దమ్మ దండెం వైపు నడిచింది. నిన్నటి శాలువా దాని మీద ఉంది. దాన్ని తీసి రెండు మడతలు పెట్టింది, గడ్డి మూట కట్టుకోవడానికి అయ్యేలా. చూరులోంచి కొడవలి తీసింది. ఎడమచేతికి అది కొత్త. ఒకసారి గాలిలో తిప్పి చూసుకుంది.

"అమ్మా, ఎక్కడికి వెళ్తున్నారు?"

ఆమె తిరిగి చూడలేదు. ఏ మాటా అనకుండా గడప దాటి, పొలం దారి పట్టింది.